వెనుకవాని వేగము

కనిగిరి నుండి చంద్రశేఖరపురము మీదుగా, కొండల నడుమనున్న భైరవకోనకు మోటారు సైకిళ్లపై మిత్రులతో గూడి పోవుట యువకులకు వేడుక. కొండను తొలిచిన 8 గుహాలయములును జలపాతమును అచట గలవు. తారు రోడ్డు విడిచి కంకర బాట పట్టినంతనే ధర్మసందేహమొకటి పుట్టును. ముందు పోవువాడు రేపిన దుమ్ము వెనుకవాని కన్నులను గప్పును. వాడు తొట్రుపడి గులకరాళ్లపై ముందు బ్రేకు గట్టిగా పట్టెనా, చక్రము జారును. అట్లయిన ముందువాని వేగము వాని సొంత విషయమనవచ్చునా? "నా ప్రాణము, నా యిష్టము" అను మాట ఒంటరిగా పోవువానికే సరిగా చెల్లదు. ఇంట తల్లి యెదురుచూచుచుండును గదా! అనుభవశాలులు చీలుదారి వచ్చినప్పుడెల్ల నిలిచి, వెనుకవాడు కనబడిన పిమ్మటనే కదలుదురు. ఆ రెండు నిమిషములకు విసుగుకొనువానిని ధీరుడని నేనొప్పను. నెమ్మదిగా వచ్చువాడే అందరి వేగమును నిర్ణయింపవలెను. అది కిట్టనివాడు ఒంటరిగా పోవచ్చును, తల్లితో చెప్పి.