వినోదపు చేతిపని కాయకమగునా?

కాయకమును గూర్చి శరణులు చెప్పినదానిని మన ఇండ్లలో పసిపిల్లలు సైతము విని యుందురు. అయినను పొట్టకొరకు గాక ప్రొద్దుపోవుటకు చేయు చేతిపని కాయకమగునా అని అడిగినచో పెద్దలు కూడ తడబడుదురు.

చంపాపేటలో ఉద్యోగము చాలించి పింఛనుతో జీవించు ఒక గృహస్థును ఊహింపవచ్చును. ఇంటి వెనుక వసారాలో చిన్న తరిమెన, నేటివారు లేతు మిషను అనునది, పెట్టుకొని అతడు చెక్క కలములు చేయును. బాగుగ ఎండిన టేకు ముక్కకు నిలువునా బెజ్జము వేసి, అందు ఇత్తడి గొట్టమును బంకతో అతికించి, ఇరుసునకు తొడిగి త్రిప్పుచు ఉలి ఆనించును. పచ్చి చెక్కయైనచో కొన్నాళ్లకే పగులును. ఉలి మొద్దుబారినచో పేళ్లు లేచును. గరుకు కాగితముతో రుద్ది మెరుగు పెట్టిన పిదప ముల్లు, మర, క్లిప్పు బిగించును. ఇవి బజారున సిద్ధముగ కొన్నవే. అతని చేతిపని ఆ చెక్క ఒడలు మాత్రమే. కాని ఆ కొంచెములో అబద్ధమునకు తావు లేదు. తొందరపడినవాని తొందర చెక్కపై కనబడును.

ఇంత శ్రద్ధ యున్నను దీనిని కాయకమనుటకు ఒక అడ్డంకి కలదు. కాయకమునందు శ్రమతోపాటు జీవనాధారము, దాసోహము కలిసియున్నవి. 12వ శతాబ్దమున కల్యాణములో రాలిన బియ్యమేరుట కాయకముగా గల ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అక్కరకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ అతనిని మందలించి, మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. అది దొంగసొమ్ము కాదు, వంగి ఏరినదే. అయినను ఆమెకు అది సమ్మతము కాలేదు. అట్లయిన బల్లసొరుగులో మూలుగుచున్న నలువది కలములను చూచి ఆ తల్లి ఏమనును?

అమ్మివేయవచ్చును గదా అందురు. చిక్కంతయు అచ్చటనే యున్నది. తరిమెన యున్నవాడు కలముతో ఆగడు. భరిణెలు, బొంగరములు కూడ చేయ మొదలిడును. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెనపై త్రిప్పి, ఆ వేడిమికే కరగు రంగులక్కను పూసి బొమ్మలు చేయు కుటుంబములున్నవి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. వారు ధర కట్టునప్పుడు చెక్క, లక్కలతోపాటు కూలి, పిల్లల బడి రుసుము కూడ లెక్కింపవలెను. పింఛనుదారుడు చెక్క ఖరీదు వచ్చిన చాలుననును. అతనికది ఉదారముగ తోచును; కొనువాడు మాత్రము ఆ చౌకధరను చూపి పనివానిని బేరమాడును. పొట్ట నిండినవాని వినోదము ఆకలిగొన్నవాని కూలిని కోయుచున్నదన్నమాట. ఇది చిన్న దోషము కాదు.

రాజమహేంద్రవరమున 1932లో మొదలైన రత్నం కలముల పని ఇట్టిది కాదు. విదేశీ కలములకు బదులుగ స్వదేశీ కలము కావలెనన్న కోరికతో పుట్టి, ఆ ఇంటికి జీవనమై నిలిచినది. అందిన కలమును మెచ్చుచు గాంధీజీ 1935లో జాబు వ్రాసెను.

చంపాపేట గృహస్థు తరిమెనను కట్టిపెట్టనక్కరలేదు. అమ్మినచో పనివాని ధరకు తగ్గింపక అమ్మవలెను. అంతకంటె మేలు, పేటలోని బడిపిల్లలకు ఊరక ఇచ్చుట. అప్పుడది కాయకము కాకున్నను దాసోహమునకు దగ్గర యగును. అయితే ఇచ్చుటకు ముందు ఆ కలమున పట్టు రీఫిలు వీధిచివరి దుకాణములో దొరకునో లేదో చూచుకొనవలెను. లేనిచో నెల తిరుగకముందే అది పిల్లవాని సంచిలో ఉత్త పుల్లయై పడియుండును.