పాతబడ్డ పాఠం

పునాది మారదంటారు. ఎలక్ట్రానిక్స్ సిలబస్ ఎందుకింత పాతబడిందని అడిగితే వచ్చే మొదటి జవాబు అదే. పలక పోయి నోటుపుస్తకం వచ్చినా ఓనమాలు మారాయా అని, పలకల ఊరైన మార్కాపురంలో ఎవరైనా అనగలరు. నాకు ఆ పోలికే మింగుడుపడదు. పలక వేరు, దానిమీద రాసే అక్షరం వేరు. ఎలక్ట్రానిక్స్‌లో విడిభాగమే అక్షరం, మారిపోతున్నదీ అదే. ఇంటెల్ 1976లో తెచ్చిన 8085 మైక్రోప్రాసెసర్ మన డిప్లొమా, ఇంజనీరింగ్ తరగతుల్లో దశాబ్దాలపాటు పాఠంగా నిలిచింది. దాని ఆదేశ సంకేతాలైన ఆప్‌కోడ్‌లు బట్టీపట్టి బయటికొచ్చిన కుర్రాడికి బజారులో ఏ సెల్‌ఫోన్ రిపేరు కొట్లోనూ ఆ చిప్ కనపడదు. పునాది అన్న మాట ఇక్కడ సిలబస్ మార్చనివాళ్లకు సాకుగా మారిందేమోనన్నది నన్ను వదలని అనుమానం.

అయినా పాతది పనికిరాదని తేల్చేయలేను. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన మొదటి ట్రాన్సిస్టర్ జెర్మేనియంతో చేసిందే. కరెంటు పారడం మొదలవడానికి జెర్మేనియానికి 0.3 వోల్టులు, సిలికాన్‌కు 0.7 కావాలని పాఠం రెండంకెలు చెప్పి ఊరుకుంటుంది. తక్కువ వోల్టేజీతో పనిచేసేదే మేలు కదా, మరి జెర్మేనియం ఎందుకు పోయింది? వేడికి. జెర్మేనియంలో లీకేజీ కరెంటు సుమారుగా ప్రతి 10 డిగ్రీలకూ రెట్టింపవుతుంది. ఆ కరెంటు వేడిని పెంచుతుంది, వేడి మళ్లీ కరెంటును పెంచుతుంది, చివరికి ట్రాన్సిస్టర్ తనను తానే కాల్చుకుంటుంది. సిలికాన్‌లోనూ లీకేజీ ఉంది గానీ మొదటినుంచీ ఎన్నో రెట్లు తక్కువ. మే నెలలో 40 డిగ్రీలు దాటే గిద్దలూరులో ఈ కారణం తెలిసిన పిల్లవాడికి హీట్‌సింక్ ఎందుకో, ఎండలో ఫోను ఎందుకు నెమ్మదిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పోయిన భాగం ఎందుకు పోయిందో తెలిస్తే, ఉన్నది ఎందుకు నిలిచిందో తెలుస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. పాతదాని విలువ గురించిన ఈ మాటలన్నీ పల్లెపిల్లల దగ్గరే వినిపిస్తాయి. నగరంలో కలిగినవాళ్లెవరూ తమ బిడ్డకు కోరి పాత కోర్సు వెతకరు. ఆ మాట నిజం, కాదనను. కానీ కాలం చెల్లడం అన్నిచోట్లా ఒకే రోజు జరగదు. కంభం, గిద్దలూరు పొలాల్లో బోరు మోటారు స్టార్టర్ పెట్టె తెరిస్తే కాయిల్, కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే ఉంటాయి. ఇంటినుంచే ఫోనుతో మోటారు వేసుకునే రైతు పెట్టెలో సిమ్‌కార్డున్న బోర్డు కూడా ఉంటుంది. ఆజ్ఞ ఇచ్చేది బోర్డు, మోటారు కరెంటును మోసేది ఆ పాత కాంటాక్టరే. రెండింటిలో ఒక్కటే నేర్చినవాడు ఆ పెట్టె ముందు సగం పనివాడే.

అందుకే ఏ భాగం గురించి చెప్పినా అది ఎప్పుడొచ్చిందో, దేనివల్ల వెనకబడిందో, దాని చోట ఏది నిలిచిందో కూడా చెప్పాలంటాను. ఇవి చెప్పని సిలబస్‌ను రేపు సరికొత్త చిప్‌లతో నింపినా పదేళ్లలో ఇదే గతి పడుతుంది. చెప్పగలిగిన మాస్టారి చేతిలో 8085 కూడా బతికున్న పాఠమవుతుంది. అయితే అలాంటి మాస్టారు ఉన్నారని చెప్పి కొత్త బోర్డులు కొనకుండా తప్పించుకునే హక్కు మాత్రం ఏ ప్రభుత్వానికీ లేదు.