ఓడేవాళ్లు లేని ఆటలో ఆడేదెవరు?

మొన్న వేసవిలో కొత్తగూడెం వెళ్తూ మా అక్క పిల్లల కోసం ఒక ఆట కొనుక్కెళ్లాను. చూడ్డానికి చిన్న విషయం. దాని గురించి ఇంతగా ఆలోచించాల్సి వస్తుందని అనుకోలేదు.

అక్క కొడుకు ఇంజనీరింగు, కూతురు ఇంటర్. 2020 లాక్‌డౌన్‌లో కాలక్షేపానికి నేలమీద అష్టాచెమ్మ గీసుకుని మొదలుపెట్టినవాళ్లు, ఇప్పుడు బోర్డు ఆటలంటే ప్రాణం పెడతారు. సింగరేణి క్వార్టర్లో బీరువా మీదంతా ఆటల డబ్బాలే. నియమాల పుస్తకాన్ని నవల చదివినట్టు చదువుతారు. కానీ ఆడేటప్పుడు వాళ్ల మాటలు వింటే నాకు ఇబ్బందిగా ఉండేది. ‘నీ తొవ్వ మూసేసిన’, ‘నీ పని ఖతం’, ‘ఏడువ్ ఇగ.’ గెలుపంటే ఎదుటివాళ్లని లేవకుండా చేయడమేనా అనిపించేది. అందుకే ఈసారి అందరూ ఒక జట్టుగా ఆడే ఆట వెతికాను. ఇలాంటి ఆటల్లో ఆటగాళ్లందరూ ఒకవైపు, ఆట ఒకవైపు. గెలిస్తే అందరూ గెలుస్తారు, లేదా అందరూ ఓడతారు.

అలా వెతకడం వెనక నాకు తెలిసిన ఒక కథ ఉంది. మన ఇళ్లలో ‘బిజినెస్’, ‘ట్రేడ్’ అని రకరకాల పేర్లతో ఆడుకున్న ఆట మొనాపలీకి నకలు. దాని మూలం ఎలిజబెత్ మ్యాగీ అనే అమెరికన్ స్త్రీ తయారుచేసిన ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’. 1904లో ఆమెకి దానిమీద పేటెంట్ వచ్చింది. భూమి కొందరి చేతుల్లో పోగుపడితే మిగిలినవాళ్లు ఎలా చితికిపోతారో చూపించడం ఆమె ఉద్దేశం. అందులో సంపద పెరిగితే అందరికీ వాటా దక్కే నియమాలు కూడా ఉన్నాయి. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆ ఆట మీద ఆమెకున్న పేటెంట్ హక్కుని 500 డాలర్లకి కొనేసింది. ఎదుటివాళ్లని దివాలా తీయించే నియమాలే లోకమంతా వ్యాపించాయి. సృష్టికర్తగా పేరు మాత్రం చాలాకాలం చార్లెస్ డారో అనే మగవాడికి దక్కింది. ఆమె పోగొట్టుకున్నదాన్ని మా పిల్లలకి తిరిగి ఇస్తున్నానని నాలో నేనే కాస్త గర్వపడ్డాను.

నేను కొన్నది ‘ఫర్‌బిడెన్ ఐలాండ్’. మాట్ లీకాక్ అనే అమెరికన్ రూపొందిస్తే 2010లో వచ్చింది. 24 పలకలు పేర్చితే ఒక దీవి అవుతుంది. ఒక్కో పలకా నీట మునుగుతూ ఉంటుంది. అందరూ కలిసి నాలుగు నిధులు సంపాదించి, హెలికాప్టర్ ఎక్కి బయటపడాలి. ఒక్కరు మునిగినా అందరూ ఓడినట్టే. ఈ నియమం నాకెంత నచ్చిందో చెప్పలేను.

ఆ రాత్రి నలుగురం కూర్చున్నాం. బావ సెకండ్ షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. మా వాడు పది నిమిషాల్లో ఆట లోతు పట్టేశాడు. ఆ తర్వాత ‘చిన్నమ్మా, నువ్వటు జరుగు’, ‘చెల్లే, ఆ కార్డు అమ్మకియ్యి’, ‘అమ్మా, నువ్వేం చెయ్యకు, ఆడ్నే ఉండు’ అంటూ మా ముగ్గురి వంతులూ వాడే ఆడాడు. వాడి తప్పేమీ లేదు. వాడు చెప్పిన ఎత్తులన్నీ సరైనవే. మధ్యలో కుక్కర్ కూత వేస్తే అక్క లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆట ఆగలేదు. అక్క వంతు వచ్చినప్పుడల్లా వాడే ఆడేశాడు. అక్క చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి ‘అమ్మా, మనం గెల్చినం!’ అని అరిచాడు.

అక్క బోర్డు వైపు చూసి నవ్వుతూ అడిగింది. ‘నేను గూడ హెలికాప్టర్ ఎక్కిన్నారా?’

అందరం నవ్వాం. ఆ నవ్వు అయ్యాక నాకు మింగుడు పడలేదు. తెలుగు కథల్లో ఇంటిచాకిరీ మీద అయిదేళ్లు పరిశోధన చేసి పట్టా తెచ్చుకున్నదాన్ని. మా అక్క లేకుండానే మా అక్క గెలిచిన ఆటని నేనే కొని తెచ్చాను.

మనకి ‘మనం’, ‘మేము’ అని రెండు మాటలున్నాయి. ‘మేము’లో వినేవాళ్లు ఉండరు, ‘మనం’లో ఉంటారు. ఎంత మంచి మాట అది! కానీ దాన్ని పలికేవాళ్లు ఎదుటివాళ్లని అడిగి పలుకుతారా? ‘మనం ఈ ఇల్లు కొన్నాం’, ‘మనం అమ్మాయికి ఈ సంబంధం ఖాయం చేశాం’... ఈ వాక్యాల్లో ఆడవాళ్లు ఉన్నారు, నిర్ణయాల్లో లేరు. పోటీలో ఓడినవాళ్లకి ఓడామని తెలుస్తుంది, కోపమొస్తుంది, మళ్లీ ఆడదాం రమ్మని అడుగుతారు. ఇక్కడ ఓటమే లేదు కాబట్టి దేనిమీద అలగాలో కూడా తెలియదు.

బోర్డు ఆటలు బాగా ఆడేవాళ్లకి ఈ జబ్బు తెలుసు. అందరి బదులూ ఒక్కరే ఆలోచించే మనిషికి ‘ఆల్ఫా ప్లేయర్’ అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు వినగానే మనకి ఎందరో గుర్తొస్తారు కదా.

బావ వచ్చి అన్నం తింటుంటే ఈ సంగతి చెప్పాను. ‘బాయిల గూడ అంతే గద. సర్దారు పైకప్పు కొట్టిచూసి బాగలేదంటే ఇవతలికి రావాలె. మనిషికో మాట చెప్తే అందరం పోతం’ అన్నాడు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. ప్రమాదంలో ఉన్నప్పుడు ఒకరి మాట వినడం కూడా సహకారమే. ముప్పై ఏళ్లు భూమి కింద పనిచేసిన మనిషికి అది పుస్తకాల్లో దొరికిన జ్ఞానం కాదు.

జవాబు అక్క చెప్పింది. ‘మరి లైటు సర్దారు టోపీకొక్కదానికే ఉంటదా? బాయి దిగెటోళ్లు ఎవరి లైటు వాళ్లు పెట్టుకొనే దిగుతరు గద.’

బావ ఇంకేమీ అనలేదు. పెరుగు వేసుకున్నాడు. నాకు మాత్రం నేను వెతుకుతున్న కొలత దొరికినట్టయింది. దారి చూపేవాళ్లు ఉండటం తప్పు కాదు. నాకు నా వెలుగు ఉందా, నా కళ్లతో చూసి ‘ఇటు వద్దు’ అనగలనా అన్నది ప్రశ్న. ఓడేవాళ్లు లేకపోవడం వేరు, ఆడేవాళ్లందరూ ఉండటం వేరు.

సభాపర్వంలో ద్రౌపది గుర్తొచ్చింది. జూదంలో ఆమె పందెం, ఆటగత్తె కాదు. అయినా తనని తీసుకెళ్లడానికి వచ్చిన మనిషిని నియమం గురించి అడగమని వెనక్కి పంపింది. ఆయన ముందు తనని ఓడాడా, నన్ను ఓడాడా అని. పందెంగా ఒడ్డిన మనిషి నోరు తెరిచి ఆట నియమాలు అడగడమే ఆ సభకి మింగుడు పడలేదు. ధర్మం సూక్ష్మమని భీష్ముడు తప్పుకున్నాడు. మా అక్క నవ్వుతూ అడిగినదీ ఆ జాతి ప్రశ్నే అనుకుంటాను.

మర్నాడు అక్క కూతురు ఇంకో ప్రశ్న వేసింది. ఆ ఆటలో నీటిమట్టం చూపించే ఒక కొలబద్ద ఉంటుంది. అది చూసి ‘భద్రాచలం లెక్కనే ఉంది’ అంది. కొత్తగూడేనికి అటూ ఇటుగా 40 కిలోమీటర్ల దూరంలో గోదావరి. అక్కడ నది 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75 అడుగులు దాటింది, 2022 జూలైలో 71 దాటింది. మా వైపు పిల్లలకి ఈ అంకెలు ఎక్కాల్లాగా వస్తాయి. ‘చిన్నమ్మా, ఈ దీవిల ఊళ్లు లేవా? నలుగురొచ్చి నిధులు తీస్కొని హెలికాప్టర్ల పోతే, ఉన్నోళ్లేమైతరు?’ అంది.

డబ్బాలో ఆ ఊళ్లవాళ్లకి బొమ్మలు లేవు. బొమ్మే లేనివాళ్లకి వంతు ఎక్కడినుంచి వస్తుంది? 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలని, కొన్నిటిని పూర్తిగా, కొన్నిటిని కొంత భాగం, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ముంపు కింద ఉన్న గూడేలు ఎక్కువగా కోయలవి, కొండరెడ్లవి. ఆ నిర్ణయం కూడా ‘మనం’ అనే భాషలోనే జరిగింది. మన నీళ్లు, మన పంటలు, మన అభివృద్ధి. ఆటలో ఒక్కరు మునిగితే అందరూ ఓడినట్టే. బయట కొందరు మునిగితేనే మిగిలినవాళ్లు గెలిచినట్టు.

అప్పుడే ఆ పిల్ల నన్నూ వదల్లేదు. ‘ఇది మాకిష్టమని తెచ్చినవా, మేం మారాలని తెచ్చినవా?’ అంది. నిజం చెప్పాలంటే రెండోదే. వాళ్లకి ఏం కావాలో అడగకుండా, వాళ్ల మంచి నాకే తెలుసనుకుని వాళ్ల వంతు నేను ఆడాను. ఆ రాత్రి మా వాడు చేసిన పనికీ నేను చేసిన పనికీ తేడా ఏముంది? ఆటంటే ఇష్టమున్నవాళ్లకి ఇచ్చే బహుమతిలో మొదట ఆట ఉండాలి. నీతి ఉంటే అది వాళ్లు ఆడి తెలుసుకోవాలి.

ఈసారి వాళ్లిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని ముగ్గురం కలిసి ఎంచుకున్నాం. ఏం చూడాలో వాళ్లే చెప్పారు. బలంలేని ఆట వద్దు, గెలవడం కష్టంగా ఉండాలి. అందరి కార్డులూ అందరికీ కనిపిస్తే తెలివైనవాడు రాజైపోతాడు కాబట్టి కొంత దాగి ఉండాలి. నేను ఒక్కటి కలిపాను. అరగంటలో అయిపోవాలి, కుక్కర్ పెట్టకముందే. మన పాత పచ్చీసులో కూడా ఇలాంటి వివేకం ఒకటి ఉంది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. నీ కాయలు ముందే పండించుకుంటే జతగాడు ఒంటరైపోతాడు, అందుకని తెలిసినవాళ్లు పండే కాయని ఆపుకుని మరో చుట్టు తిప్పుతారు.

చివరికి ‘హనాబీ’ తెప్పించాం. ఆంట్వాన్ బౌజా అనే ఫ్రెంచివాడిది. 2013లో జర్మనీలో ఆ ఏటి మేటి ఆటగా బహుమతి పొందింది. చిన్న డబ్బా, 50 కార్డులు. వింత ఏమిటంటే నీ కార్డులు నువ్వు చూడకూడదు. బొమ్మ వైపు ఎదుటివాళ్లకి కనిపించేలా పట్టుకోవాలి. నీ చేతిలో ఏముందో నీకు తప్ప అందరికీ తెలుసు. వాళ్లు రంగో అంకెో సూచన ఇస్తారు. ఆ సూచనలు కూడా లెక్క ప్రకారమే. ఏ కార్డు వేయాలో తేల్చుకోవాల్సింది మాత్రం నువ్వే.

ఆ సాయంత్రం మా వాడి నోరు మూతపడింది. తన చేతిలో ఏముందో తెలియక, సూచన కోసం అమ్మ మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఘోరంగా ఓడాం. 25కి 11 వచ్చాయి. ఎవరూ లేవలేదు, ఇంకోసారి అన్నారు.

కార్డులు తిరగేసి పట్టుకుని అక్క అన్న మాట నాతో హైదరాబాద్ దాకా వచ్చింది. ‘ఇది నాకు కొత్తదేం గాదే. ఎవరికేం ఆకలి, ఎవరికేం నొప్పి, ఎవరి పరీక్ష ఎప్పుడు, అందరియీ నాకు కనబడుతయి. నాయే నాకు కనబడయి.’ కాసేపాగి, ‘కాకుంటే ఈడ మీ అందరియి గూడ అట్లనే ఉన్నయి. నాయి చూసి మీరు చెప్పాలె’ అంది.

చెప్పాలె. ఆ ఒక్క నియమం ఇంట్లోకి రావడానికి ఎన్ని ఆటలు కావాలో నాకు తెలియదు. వచ్చే సంక్రాంతికి ఏ ఆట తెమ్మంటావని ఈమధ్య ఫోన్లో అడిగాను. పిల్లల్ని కాదు, అక్కని. ‘నన్నడుగుతున్నవా?’ అని ఆశ్చర్యపోయింది. ఇంకా ఆలోచిస్తూనే ఉంది. నేను తొందరపెట్టడం లేదు. అది ఆమె వంతు.