తెలిసినవాడు చివర దిగాలి

ఈ వారం వీడియోలో యుద్ధం అయిపోయాక అర్జునుడి రథం కాలిపోయిన కథ చెప్పుకున్నాం కదా. వీడియోలో చెప్పని సంగతి ఒకటుంది. ఆ కథ నాకు గుర్తొచ్చింది గుడిలో కాదు, ఒక మెకానిక్ షెడ్డులో, ఎర్ర కారు ముందు నిలబడి ఉన్నప్పుడు.

మాది నెల్లూరు జిల్లా అనుమసముద్రంపేట. ఏఎస్ పేట అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. దర్గాకి ఎక్కడెక్కడి నుంచో బళ్ళు వస్తాయి, తమిళనాడు, కర్ణాటక నంబర్ ప్లేట్లతో సహా. చిన్నప్పుడు మా పని వాటిని లెక్కపెట్టడమే. ఎప్పుడన్నా ఒక మంచి కారు వస్తే దాని చుట్టూ మూడుసార్లు తిరిగేవాళ్ళం, గుడి చుట్టూ తిరిగినట్టే. ఇంజనీరింగ్ అయిపోయి, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి, నాలుగు డబ్బులు చేతిలో ఆడాక ఆ పిల్లాడు మళ్ళీ లేచాడు. వాడికి రెండు డోర్ల స్పోర్ట్స్ కారు కావాలి.

కొత్తది కొనే స్తోమత లేదు. సెకండ్ హ్యాండ్‌లో అదే మోడల్, అదే సంవత్సరం బళ్ళు 28 లక్షలు చెప్తున్నారు. ఒక్కటి మాత్రం 19 లక్షలకే ఉంది. అమ్మేది నా వయసు కుర్రాడే. "చిన్న టచప్ అయింది అన్నా, అంతకుమించి ఏం లేదు" అన్నాడు.

ఫోన్లో బండి నంబర్ కొడితే ఆర్సీ వివరాలు, ఇన్సూరెన్స్ గడువు, లోన్ ఉందా లేదా అన్నీ వస్తాయి. బండి ఎప్పుడన్నా గుద్దుకుందా అన్నది మాత్రం అందులో ఉండదు. అందుకే తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన పెయింట్ మందం చూసే మీటర్ తీసి ఒక్కో చోట ఆనించాడు. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. కుడివైపు ముందు ఫెండర్ మీద 600 దాటింది. అంటే కింద లప్పం ఉంది. బోనెట్ ఎత్తితే ఫెండర్ బోల్టుల మీద స్పానర్ గాట్లు. కుడివైపు ఛాసిస్ రైలు వంగితే లాగి సరిచేసిన గుర్తులు.

నేను భయపడింది ఎయిర్‌బ్యాగుల గురించి. పేలిపోయినవి మార్చకుండా, డాష్‌బోర్డులో లైటు వెలగకుండా ఒక చిన్న రెసిస్టర్ పెట్టేసి అమ్మేవాళ్ళున్నారు. ఇందులో అవి సక్రమంగానే మార్చారు. "పని బాగానే చేశారు సార్. ఊళ్ళో తిరగడానికి ఏం కాదు. హైవే మీద గట్టిగా తోలితే, మళ్ళీ అదే వైపు తగిలితే, ఎట్టా ఆగుతుందో నేను చెప్పలేను" అన్నాడు మెకానిక్.

"చెప్పలేను" అన్న మాట దగ్గర ఆగిపోయా. పూర్తిగా చెడిపోయిన బండి అయితే వదిలేయడం తేలికే. ఇది అట్లా కాదు. ధర తక్కువ, చూడ్డానికి బాగుంది, నడపడానికి ఇంకా బాగుంది.

అమ్మకి చెప్తే ఒక్కటే మాట. "రక్తం చూసిన బండి మనకొద్దు నాయనా." ఇట్లాంటి భయం మనకొక్కరికే లేదు. అమెరికాలో జేమ్స్ డీన్ అనే సినిమా హీరో 1955 సెప్టెంబర్ 30న తన పోర్షె 550 స్పైడర్ గుద్దుకుని చనిపోయాడు. ఆ కారుకి శాపం ఉందని అక్కడ ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. నేనైతే ఇట్లా అనుకుంటా: ఇనుముకి పాపం అంటదు. కానీ వంగిన సంగతి మాత్రం ఇనుముకి గుర్తుంటుంది. కారు ముందు భాగం కట్టేదే గుద్దినప్పుడు నలగడానికి. తను నలిగి, ఆ దెబ్బని లోపలున్న మనిషిదాకా రానీయదు. ఒకసారి నలిగిందాన్ని లాగి నిలబెట్టొచ్చు, రంగు కొట్టొచ్చు. మొదటిసారి ఎట్లా నలిగిందో రెండోసారీ అట్లాగే నలుగుతుందని హామీ ఎవరూ ఇవ్వలేరు. పైగా వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగింతలవుతుంది. నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, కొబ్బరికాయ తిప్పి వాహన పూజ చేయించొచ్చు. పూజ మన మనసుని సరిచేస్తుంది, ఛాసిస్‌ని కాదు.

అసలు విషయం తేల్చుకుందామని ఆత్మకూరులో వకీలుగా ఉన్న మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేశా. "బండి గురించి దాచిపెట్టి అమ్మితే మోసం కాదా అన్నా?" అని అడిగా. ఆయన నవ్వి, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో ఉన్న గుర్రం ఉదాహరణలు చెప్పాడు. అవి విన్నాక రెండు రోజులు నిద్ర పట్టలేదు.

ఒకాయన గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. దానికి జబ్బుందని తెలుసు, చెప్పడు. చట్టం ప్రకారం అది మోసం కాదు. రెండో ఉదాహరణలో కొనేది ఆయన కూతురే, అప్పుడే మేజరైన అమ్మాయి. ఇప్పుడు చెప్పి తీరాలి, ఎందుకంటే బంధం అట్లాంటిది. మూడో ఉదాహరణలో కొనేవాడే ముందు అంటాడు: నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను అని. అప్పుడు అమ్మేవాడు మాట్లాడకుండా ఉంటే, ఆ మౌనం మాటతో సమానం.

మూడోది వెంటనే వాడా. ఆ కుర్రాడికి వాట్సాప్‌లో రాశా: "తమ్ముడూ, ఈ బండికి పెద్ద యాక్సిడెంట్ కాలేదనే అనుకుంటున్నా. అయితే చెప్పు. చెప్పకపోతే కాలేదనే అర్థం." నీలం టిక్కులు పడ్డాయి. రెండు గంటలు ఏమీ లేదు. తర్వాత ఫోన్ వచ్చింది.

"అయింది అన్నా. డివైడర్‌ని గుద్దింది. నా చేతిలో కాదు, మొదటి ఓనర్ చేతిలో. నేను కొన్నప్పుడు నాకెవడూ చెప్పలేదు. 25 లక్షలు పెట్టి కొన్నా. ఆరు నెలల తర్వాత సర్వీసింగ్‌లో తెలిసింది. ఇంకా 15 లక్షల లోన్ ఉంది. నాకెవరూ చెప్పనప్పుడు నేనెందుకు చెప్పాలి అన్నా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. వాడు దొంగ కాదు, మోసపోయినవాడు. ఒకరు చేసిన తప్పు చేతులు మారుతూ వస్తోంది. చివరికి అది ఎవరి చేతిలో ఆగితే వాళ్ళే నష్టపోతారు.

ఆ రాత్రి నా ఎక్సెల్ షీటు తెరిచా. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, కోరికలకి కూడా షీటు వేసుకుంటాం. 19కి కొను, రెండేళ్ళు తోలు, 16కి అమ్ము. మూడు లక్షల్లో కల తీరుతుంది. లెక్క బ్రహ్మాండంగా ఉంది. అప్పుడు ఆ 16 అన్న గడి మీద కన్ను పడింది. అది 16 ఎట్లా అవుతుంది? తర్వాత కొనేవాడికి నేను నిజం చెప్తే 11 కూడా రాదు. అంటే ఇంకా కారు కొనకముందే, ముక్కూ మొహం తెలియని ఒక మనిషికి చెప్పబోయే అబద్ధాన్ని నేను లెక్కలో వేసేసుకున్నా. లాభమంతా ఆ ఒక్క గడిలోనే ఉంది. ఆ కుర్రాడి మీద కోపం పోయింది. వాడికీ నాకూ తేడా రెండేళ్ళే.

మరుసటి వారం ఊరికెళ్ళినప్పుడు నాయనతో ఇదంతా చెప్పా. ఆయనకి స్పోర్ట్స్ కారంటే ఏంటో పట్టలేదు. బర్రె కథ చెప్పాడు. నేను చిన్నప్పుడు మా ఇంట్లో ఒక తన్నే బర్రె ఉండేది. కొనడానికొచ్చిన ఆయనకి పాలు పితికి చూపించి, "ఇది తంతుంది, కాళ్ళు కట్టి పితకాల" అని నాయన చెప్పేశాడంట. ఆయన కొనకుండానే వెళ్ళిపోయాడు. తర్వాత బాగా తక్కువకి వేరే వాళ్ళకి అమ్మాల్సి వచ్చింది.

"మరి నష్టం కదా నాయనా?"

"నష్టమే అబ్బయ్యా. కాదని ఎవరన్నారు? కానీ సంతలో ఆయన ఎదురైతే నేను మొహం తిప్పుకోబళ్ళా."

నిజం చెప్తే దేవుడు ఇంకో దారిలో లాభం ఇస్తాడని నాయన అనలేదు. ఆ మాట అనకపోబట్టే నాకు ఆయన మీద నమ్మకం ఎక్కువ కుదిరింది. ధర్మానికి ఖర్చు ఉంటుంది. ఖర్చు లేకపోతే దాన్ని సౌకర్యం అంటారు.

ఇప్పుడు రథం దగ్గరికి వద్దాం. శల్యపర్వంలో యుద్ధం ముగిశాక కృష్ణుడు, గాండీవం, అంబులపొదులు తీసుకుని ముందు నువ్వు దిగు అని అర్జునుడికి చెప్తాడు. అర్జునుడు దిగాక తను దిగుతాడు. జెండా మీది వానరం మాయమవుతుంది. రథం భగ్గున మండి బూడిదవుతుంది. ద్రోణుడి, కర్ణుడి అస్త్రాలకి అది ఎప్పుడో కాలిపోయింది, నేను కూర్చుని ఉండబట్టి నిలబడింది అంటాడు కృష్ణుడు. మనం దీన్ని భగవంతుడి మహిమగా వింటాం, సరే. కానీ దిగిన వరస చూడండి. బండి స్థితి తెలిసినవాడు తను ముందు దిగిపోలేదు. తెలియనివాణ్ణి ముందు దించాడు. మన సెకండ్ హ్యాండ్ బజారులో జరిగేది దీనికి తిరగేసి. తెలిసినవాడు దిగిపోయి, తెలియనివాణ్ణి ఎక్కిస్తాడు.

ద్రోణపర్వంలో ఇంకో రథం ఉంది. ధర్మరాజు రథం నేలకి నాలుగు వేళ్ళు పైన నడిచేదంటారు. అశ్వత్థామ గురించి సగం నిజం చెప్పిన రోజు అది నేలని తాకింది. ఆయన పూర్తి అబద్ధం ఆడలేదు, ఏనుగు అన్న మాట వినబడకుండా చెప్పాడు. "చిన్న టచప్" కూడా అబద్ధం కాదు. టచప్ నిజంగానే అయింది.

శాంతిపర్వంలో తులాధారుడని కాశీలో ఒక వర్తకుడు వస్తాడు. గొప్ప తపస్సు చేసిన జాజలి అనే మునికి ధర్మం చెప్పేది ఈ దుకాణదారుడే. ఆయన గొప్పతనమల్లా ఒక్కటే, తన త్రాసు అందరికీ సమానం. చట్టం కూతురికి ఒక త్రాసు, పరాయివాడికి ఒక త్రాసు ఒప్పుకుంటుంది. చట్టానికి అంతే సాధ్యం. తులాధారుడి దుకాణంలో రెండో త్రాసు లేదు. కొనేది నా చెల్లెలైతే ఏం చెప్తానో, ఎవరు కొన్నా అదే చెప్పాలి.

అట్లాగని యాక్సిడెంట్ అయిన బండి కొనడం తప్పని నేను అనట్లేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిసి, బాగా రిపేరైందని చూపించుకుని, దానికి తగ్గ ధర ఇచ్చి, రేపు అమ్మేటప్పుడు అదే మాట చెప్పగలిగితే నిక్షేపంగా కొనండి. దెబ్బ తగలడంలో తప్పు లేదు, దాచడంలోనే ఉంది. మనుషులమూ అంతే కదా, దెబ్బ తగలకుండా ఎవరున్నారు?

నేను ఆ కుర్రాడికి 12 లక్షలు ఇస్తానన్నా. నిజం తెలిసిన ధర అది. "లోన్ కూడా తీరదు అన్నా" అన్నాడు. వాడు చెప్పిందీ నిజమే. "అయితే తర్వాత వచ్చేవాడికి మాత్రం చెప్పు తమ్ముడూ" అన్నా. సరేనన్నాడు. పది రోజుల తర్వాత యాడ్ తీసేశాడు. ఫోన్ చేస్తే 18న్నరకి పోయిందన్నాడు. చెప్పావా అని అడిగా. కాసేపు ఆగి, "వాళ్ళు అడగలేదు అన్నా" అన్నాడు.

వీడియోలో ఈ సంగతి చెప్పకపోవడానికి కారణం ఇదే. నేను మోసం చేయలేదు, మోసపోలేదు. కానీ ఆపిందీ లేదు, పక్కకి జరిగానంతే. 12 అన్నప్పుడు నా నష్టం సున్నా చేసుకున్నా, వాడి నష్టంలో ఒక్క రూపాయి పంచుకోలేదు. ఇంకో రెండు పెంచి ఉంటే వాడు ఒప్పుకునేవాడేమో. ఆ ఎర్ర కారులో ఇప్పుడు ఎవరో తిరుగుతున్నారు. కుడివైపు సంగతి వాళ్ళకి తెలియదు, నాకు తెలుసు.

మీరెవరన్నా బండి కొంటుంటే ఆ మూడో గుర్రం మాట రాతపూర్వకంగా అడగండి. అమ్ముతుంటే, అడగకముందే చెప్పండి. రెండోది కష్టం. ఖర్చుతో కూడింది. అయినా కృష్ణుడు చూపించిన వరస అదే, ముందు తెలియనివాణ్ణి దించాలి.

జై శ్రీకృష్ణ.