పెరట్లో పాతిన కుండ

నల్లమల కొండల నడుమ ఉన్నా, అహోబిలానికి మే నెలలో ఎండ నుంచి మినహాయింపు లేదు. నంద్యాల జిల్లా అంతటా 40 డిగ్రీలు దాటుతుంది. భవనాశి వాగు సన్నబడుతుంది. ఇళ్లలో బిందె నీళ్లకూ లెక్క మొదలవుతుంది. అలాంటప్పుడు పెరట్లోని వంగ, టమాట, కరివేపాకు మొక్కల్ని ఎలా బతికించుకోవాలి?

దీనికి నాకు బాగా నచ్చిన ఉపాయం మట్టికుండ. రంగు వేయని కుండను మొక్క పక్కన మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టాలి. చుట్టూ మట్టి ఆరినకొద్దీ కుండ గోడల్లోంచి నీరు చెమ్మగా వేళ్ల దగ్గరకు ఊరుతుంది. పైన పోసిన నీళ్లలా ఆవిరైపోదు. చైనాలో 2,000 ఏళ్ల కిందటి వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి కుండ రంధ్రాలు పూడుకుపోతాయి. అప్పుడప్పుడు తీసి పీచుతో రుద్దండి.

మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు మందంగా పరచండి. మన సీమలో దానికి కరువు లేదు.

మధ్యాహ్నం ఆకులు వాలాయని కంగారుపడి నీళ్లు పోయకండి. సాయంత్రానికి అవే లేస్తే వేళ్లకు తడి ఉన్నట్టే. లేవకపోతే అప్పుడు పోయండి.

మిగతా మొక్కలకు నీడపందిరి వేసినా, మల్లెకు మాత్రం వేయకండి. మొగ్గ పట్టాలంటే దానికి ఈ ఎండే కావాలి.