తల మీద చేయి

నేను హాస్టల్‌కు బయల్దేరిన ప్రతిసారీ నాయినమ్మ ఊరికే గడప దాటనిచ్చేది కాదు. చాట పక్కన పెట్టి, చేతికంటిన జొన్నపిండి కొంగుకు తుడుచుకొని, నా తల మీద చేయి పెట్టి పెదాల్లోనే ఏదో అనుకునేది. అందులో నాకు తెలిసేవి మూడే పేర్లు: అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. నల్లగొండ పక్కన చెలక భూముల ఊరు మాది. వాడ చివర తుమ్మచెట్లు, పొద్దుగూకితే తంగేడు పొదల్లోంచి ఇంటికి మళ్లే మేకలు. ఆ మట్టి దాటి ఎరగని ముసలమ్మ నోట ఆ పేర్లు ఎంత సొంతంగా పలికేవంటే, వాళ్లంతా మా పాలివాళ్లనీ, ఎప్పుడో వలసపోయి ఉంటారనీ అనుకునేవాణ్ణి. అడిగితే, "మనోళ్లే బిడ్డా" అనేది.

ఆ పేర్లు మా వాడకు ఎట్లా వచ్చాయో పెద్దయ్యాక తెలిసింది. 1885లో పాలమూరులో ఎల్బర్ట్ చూట్, 1890లో నల్లగొండలో రష్యా నుంచి వచ్చిన అబ్రాహాం ఫ్రీసెన్ మిషన్లు పెట్టారు. వాళ్ల వెంట తెలుగు బైబిలు వాడల్లోకి వచ్చింది. బైబిలుతో పాటు హల్లెలూయా, ఆమేన్, హోసన్న, సబ్బాతు అనే హీబ్రూ మాటలూ వచ్చాయి. యెరూషలేము కొండల మీద పుట్టిన మాటలు కలుపు తీసే ఆడవాళ్ల పాటల్లో కలిసిపోయాయి. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నిజానికి యూదుల చదువు ఈ నేలకు అంతకంటే ముందే వచ్చింది. 1647లో గోల్కొండ సుల్తానుల హైదరాబాదులో సర్మద్ అనే ఫకీరు ఉన్నాడు. పర్షియాలో యూదు ఇంట పుట్టి, యూదు గురువులైన రబ్బీల దగ్గర చదువుకుని, తర్వాత ఇస్లాం పుచ్చుకుని, ఆఖరికి ఏ మతం హద్దులోనూ ఇమడకుండా తిరిగిన కవి. ఆయన శిష్యుడు అభయ్‌చంద్ యూదుల ధర్మశాస్త్రమైన తోరా మొదటి భాగాన్ని పారసీలోకి తెచ్చాడు. 'దబిస్తానె మజాహిబ్' గ్రంథకర్త హైదరాబాదులోనే సర్మద్‌ను కలిసి, ఆ అనువాదాన్ని తన పుస్తకంలో చేర్చుకున్నాడు. సృష్టి మొదలైన కథ మా రాజధానిలో దాదాపు నాలుగొందల ఏళ్ల కిందటే ఒక గురువూ శిష్యుడూ కలిసి చదువుకున్నారన్నమాట.

నాయినమ్మ చేయి మళ్లీ గుర్తుకొచ్చింది శుక్రవారం సాయంత్రం యూదుల ఇళ్లలో ఏం జరుగుతుందో తెలిసిన రోజున. పొద్దు కుంకడానికి పద్దెనిమిది నిమిషాల ముందు ఇంటి ఇల్లాలు రెండు దీపాలు వెలిగిస్తుంది. వెలుగును చేతులతో మూడుసార్లు తన వైపు తీసుకుని, అవే చేతులతో కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంది. తర్వాత తండ్రి పిల్లల్ని దగ్గరకు పిలిచి తల మీద చేతులు పెడతాడు. ఆడపిల్లకు శారా, రిబ్కా, రాహేలు, లేయాల లాగా కమ్మని దీవెన. మగపిల్లవాడికి అబ్రాహాము పేరు కాదు, మోషే పేరు కాదు. ఎఫ్రాయిము లాగా, మనష్షే లాగా కమ్మంటారు.

ఎందుకు వాళ్లే? ఇద్దరూ యోసేపు కొడుకులు, పరాయి దేశమైన ఐగుప్తులో పుట్టారు. పరాయి గాలి పీల్చి కూడా తమ ఇంటి తీరు మరవలేదు, అన్నదమ్ములై కూడా పోట్లాడుకోలేదు, అందుకే వాళ్లని పెద్దలు చెబుతారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ కథలోని చేతులు. చూపు మసకబారిన తాత యాకోబు మనవలను దీవిస్తూ చేతులు అడ్డంగా వేశాడు. కుడిచేయి పెద్దవాడి తల మీద పడాల్సింది, చిన్నవాడైన ఎఫ్రాయిము తల మీద పడింది. కొడుకు సరిచేయబోతే, నాకు తెలుసు అన్నాడు.

ఇప్పుడు కృష్ణ దాటి చూడండి. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం. అక్కడి మాదిగ కుటుంబాలు కొన్ని, తాము ఎఫ్రాయిము గోత్రపు సంతానమని, బెనే ఎఫ్రాయిమని చెప్పుకుని, 1990 ప్రాంతంలో ఒక సమాజమందిరం కట్టుకున్నాయి. షమ్యూల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ముందు నడిచారు. వాళ్ల జీవితం మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' 2013లో వచ్చింది. పారసీకం, కశ్మీరం మీదుగా తమ పెద్దలు ఈ దిక్కుకు నడిచొచ్చారన్నది వాళ్ల నమ్మకం. దానికి శాసనాలు చూపమని నేను అడగను. ఊరు వాడను వెలిపెట్టిన చోట పుట్టినవాణ్ణి నేను. అడ్డంగా చాచిన ఆ కుడిచేయి ఎవరి కోసమో మా వాళ్లకు ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

వాళ్లకు శనివారం విశ్రాంతి దినం. రోజు కూలీ మీద నడిచే ఇంట్లో ఆ మాట ఎంత బరువైనదో ఆలోచించండి. మిరపతోట పిలుస్తున్నప్పుడు కదలకుండా కూర్చోవడమంటే ఆ రోజు కూలి డబ్బులు వదులుకోవడమే. తరతరాలుగా ఇంకొకరు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పనికి లేచిన మనుషులు, వారంలో ఒక రోజు నాది అనడం! దొరసాని అయినా, జీతగాడైనా, ఆఖరికి ఎద్దయినా ఆ రోజు ఆగాలన్న ధర్మం ఎంత పెద్ద మనసుతో పుట్టిందో!

చదువు సంగతి ఇంకా అందంగా ఉంటుంది. ఎడమ నుంచి కుడికి గుండ్రటి అఆలు దిద్దిన చేతులే కుడి నుంచి ఎడమకు నలుచదరపు ఆలెఫ్, బేత్‌లు నేర్చాయి. తూర్పు ఐరోపా యూదులు తమ ప్రార్థన మందిరాన్ని బడి అనే పిలిచేవారు. యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్మూదు చదవడానికి ఇద్దరు కూర్చోవాలి, ఒకరు చెప్పింది ఇంకొకరు ఎదిరించాలి. మొత్తం 2,711 ఆకులు. రోజుకొకటి చొప్పున ప్రపంచమంతా ఒకే ఆకు చదివే పద్ధతి 1923లో మొదలైంది, ఒక చుట్టు తిరగడానికి దాదాపు ఏడున్నరేళ్లు. ఇంత చదువుకూ వాకిలి తీసేది మాత్రం పసిపిల్లే. పస్కా రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు, ఈ రాత్రి ఎందుకు వేరుగా ఉందని అడగాలి. వాళ్లు అడిగితేనే పెద్దలు బానిసతనం నుంచి బయటపడ్డ కథ చెప్పేది.

ఆ రాత్రి పులియని రొట్టె ఉండాలి. పిండిలో నీళ్లు పడ్డాక పద్దెనిమిది నిమిషాల లోపు కాల్చడం అయిపోవాలి. నాయినమ్మ చేతి జొన్నరొట్టె యాదికొస్తుంది నాకు. ఉడుకు నీళ్లు పోసి కలిపి, పీట మీద చప్పుడు చేస్తూ తట్టి, పెనం మీద వేసి, పైన తడిచేత్తో రాసేది. పులియడానికి సందే ఉండేది కాదు. అయినా ఆ పండుగకు అది పనికిరాదు. గోధుమ, యవలు వంటి అయిదు ధాన్యాల పిండితోనే చేయాలి, వాటిలో జొన్న లేదు. ఇంత చిన్న లెక్కను తరతరాలుగా చెక్కుచెదరకుండా ఇంటి పొయ్యి దగ్గర కాపాడుకున్న ఆడవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. పర్ణశాలల పండుగ మాత్రం అచ్చం మా చేను కావలి గుడిసెలా ఉంటుంది. పైకప్పు ఆకులూ కొమ్మల లాంటి వాటితోనే వేయాలి, వాటి సందుల్లోంచి చుక్కలు కనబడాలి.

మణిపూర్, మిజోరంలలో మనష్షే సంతానమని చెప్పుకునేవాళ్లను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తించాడు. ఎఫ్రాయిము సంతానానికి ఆ గుర్తింపు ఇంకా రాలేదు. అయినా కొత్తరెడ్డిపాలెంలో దీపాలు వెలుగుతున్నాయి.

చేబ్రోలు మాకంటే తూర్పున ఉంది. అక్కడ పొద్దు ఓ అయిదు నిమిషాలు ముందే కుంకుతుంది. శుక్రవారం సాయంత్రం నల్లగొండ గుట్టల మీద ఇంకా ఎర్రటి వెలుతురు ఉండగానే, మా వాకిట్లోకి మేకలు రాకముందే, కృష్ణ అవతల ఒక తల్లి కళ్ల మీంచి చేతులు తీసి ఉంటుంది. ఒక తండ్రి, తెలుగులో పేరు పెట్టి కొడుకును పిలిచి, తల మీద చేయి పెడుతూ ఉంటాడు.