నలుగురి మాట, ఒక్కని మనస్సు

ఒక వ్యాజ్యమును అయిదుగురు న్యాయమూర్తులు కలిసి విచారించుటలో ఉద్దేశమేమి? ఒకరి కంటికి తప్పినది మరియొకరి కంటికి కనబడుననియే కదా! అంగడిలో ఒకే పద్దును ఇద్దరు గుమాస్తాలచేత వేరువేరుగ కూడించుటయు ఇందులకే. రెండవవాడు మొదటివాని మొత్తమును చూచి వ్రాసినచో, సంతకములు రెండైనను లెక్క చూచినవాడు ఒక్కడే.

1975 జూన్ 25న దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. విచారణ లేకుండ నిర్బంధింపబడినవారు న్యాయస్థానము నాశ్రయింపవచ్చునా యను ప్రశ్న పుట్టెను. ఆశ్రయింపవచ్చునని తొమ్మిది హైకోర్టులు చెప్పెను. కాని జబల్పూరు కేసుగా పేరొందిన వ్యాజ్యమున, 1976 ఏప్రిల్ 28న, సుప్రీంకోర్టు ఆ హక్కు లేదని తీర్పు చెప్పెను. అయిదుగురిలో నలుగురు ఒకవైపు, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే వేరొకవైపు. 1977 జనవరిలో ఆయనను దాటించి, ఆయనకంటె వెనుక వచ్చిన వారిని ప్రధాన న్యాయమూర్తిగ నియమింపగా, ఖన్నా రాజీనామా చేసిరి.

నలుగురిలో ఒకరైన జస్టిస్ పి.ఎన్. భగవతి, 2011లో, ఆ తీర్పు తప్పని బహిరంగముగ ఒప్పుకొనిరి. మొదట తమది ఆ అభిప్రాయము కాదనియు, తుదకు సహచరులతో ఏల ఏకీభవించితిమో తమకే తెలియదనియు చెప్పిరి. అట్లు చెప్పుట నిజాయితీయే. కాని ప్రమాదమంతయు ఆ 'ఏల'లోనే యున్నది.

తోటివారి మాట వినుట దోషము కాదు. వినుటకే కలిసి కూర్చుందురు. హేతువునకు లోబడి మనస్సు మార్చుకొన్నవాడు, ఎందుకు మార్చుకొన్నదియు చెప్పగలడు. ఒంటరి నగుదునను జంకుచేత లోబడినవాడు చెప్పలేడు. రెంటికిని భేదము బయటివారికి కనబడదు. ఎవరి అంతరాత్మకు వారే సాక్షి.

ఒక్కని మాటవలన ఆనాడు తీర్పు మారలేదు గదా, ప్రయోజనమేమి యందురేమో! ఆ మాట లెక్కలో నిలిచియుండెను. అత్యవసర పరిస్థితిలోను ప్రాణమునకు, వ్యక్తిస్వేచ్ఛకు గల హక్కును నిలిపివేయరాదని 1978లో 44వ సవరణ రాజ్యాంగమున చేర్చెను. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము జబల్పూరు తీర్పును త్రోసివేసెను. అందు ప్రధానమైన తీర్పు వ్రాసిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్, ఆనాటి నలుగురిలో ఒకరైన జస్టిస్ వై.వి. చంద్రచూడ్ కుమారుడే!

సంఘములలో, పంచాయితీలలో, భాగస్వాముల నడుమ మనమును అప్పుడప్పుడు న్యాయమూర్తులమే. 'అందరును అనుచున్నారు' అని తల యూపుటకు ముందు, ఎవరి పద్దు వారు ఒకసారి కూడి చూచుకొనుట మేలు.